చీనా ద్వారసింహములు

మన యిండ్లలో వీధివాకిటి తలుపునకు సింహద్వారమని పేరు. ఆ ద్వారమున సింహము లేకపోయినను పేరు మాత్రము నిలిచియున్నది. రాజు కూర్చుండునది సింహాసనము; ఉత్సవమునాడు దేవుడెక్కునది సింహవాహనము; తూము మూతికిని, కడియపు కొసకును మన పెద్దలు చేయించినది సింహతలాటము. ఇంతటి సింహప్రీతిగల జాతి సింహమును కంటితో చూచినదా యని యడిగిన, తెలుగుదేశపు మట్టుకు లేదనియే చెప్పవలయును. నర్మదకు దక్షిణమున సింహము వనమృగమై తిరిగినట్లు ప్రకృతిశాస్త్రజ్ఞులు చెప్పరు. నేడు ఆసియాఖండమంతటను గుజరాతులోని గిర్ అడవి ప్రాంతమున తప్ప అది స్వేచ్ఛగా బ్రతుకుట లేదు. కావున మన శిల్పి సింహమును వినియు, పూర్వశిల్పములను చూచియు చెక్కినాడే గాని, మృగమునెదుట నిలువబెట్టుకొని చెక్కినవాడు కాడు. ఈ మాటను మొదటనే యేల చెప్పితిమనగా, మేమిప్పుడు విమర్శింపబూనినది చీనాదేశపు గాజుపూత సింహపు బొమ్మలను. వానిని చూచి 'ఇది సింహమా, కుక్కయా?' యని నవ్వువారు మనలో పెక్కుమంది కలరు.

మదనపల్లెకు చేరువ అంగళ్లను గ్రామమున్నది. ఊరి పేరే అంగళ్లు. ఆ పేరునకు తగినట్లు ఈ కాలమున అంగడి చేరని వస్తువు లేదు. చీనా సింహముల జంటయు మా మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమలవరకు వచ్చినది. కొందరు దానిని వాస్తుదోషమునకు పరిహారముగా కొని గడపకిరువైపుల నుంచుచున్నారు. కొందరు పట్టణములలో 'మిక్కిలి పాతది' యని విని పెద్దవెల పెట్టి అద్దపు బీరువాలో దాచుచున్నారు. మొదటివాడు దానిని రక్షరేకుగా చూచును. రెండవవాడు ధనముగా చూచును. బొమ్మను బొమ్మగా చూచువాడు అరుదు. అట్లు చూచినగాని దానియందలి మంచిచెడ్డలు తెలియవు. ఆ చూపును చదువరులకు కలిగింపవలెననియే మా ప్రయత్నము.

మొదట దాని పుట్టుక. చీనాలో సింహములు లేవు. క్రీస్తుశకము మొదటి శతాబ్దపు చివర పడమటి రాజ్యములవారు హాన్ చక్రవర్తులకు సింహములను కానుకగా పంపినట్లు ఆ దేశపు చరిత్రగ్రంథములు వ్రాసికొన్నవి. అట్టి మృగమును రాజోద్యానమున కొందరు చూచియుందురు, శిల్పులలో చూచినవారెందరు? వారికి సింహము ప్రధానముగా బౌద్ధమతముతో వచ్చినది. బుద్ధుడు శాక్యసింహుడు, ఆయన బోధ సింహనాదము, ఆయన పీఠము సింహాసనము. ఈ భావము ప్రతిమలతో, పటములతో, భిక్షువులతో మధ్య ఆసియా దారులవెంబడి నడచి చీనాకు చేరినది. మన అమరావతి స్తూపపు ఫలకములను చూడుడు. ప్రాకారద్వారమునకు ఇరువైపుల నోరు తెరచి, మెడజూలు ఉంగరములుగా చుట్టుకొని కూర్చున్న సింహములు వానిలో కనబడును. ద్వారమునకిరుప్రక్కల జంటసింహములను కూర్చుండబెట్టుట కృష్ణాతీరమున అంతటి పాతది. నాగార్జునకొండలో బోధిసిరి యను ఉపాసిక వేయించిన మూడవ శతాబ్దపు శాసనమొకటి కలదు. తామ్రపర్ణి భిక్షువులు ధర్మప్రచారముచే సంతసింపజేసిన దేశముల పట్టికలో కాశ్మీర గాంధారములతోపాటు చీనమును అందు పేర్కొనిరి. ఏడవ శతాబ్దమున హ్యుయన్‌త్సాంగ్ ధాన్యకటకమునకు వచ్చి కొంతకాలము నిలిచి చదువుకొనెను. కావున చీనా సింహము మనకు పూర్తిగా పరదేశి కాదు. అది మన యింటినుండి వెళ్లి, చాలకాలము పరదేశమున నుండి, వేషము మార్చుకొని తిరిగివచ్చిన చుట్టము.

వేషమొక్కటియే కాదు, దాని మేనిమెఱుగుకు గల పేరు కూడ మనదే. గాజుపూత పూసిన మట్టిపనికి చీనావారు 'లియూలీ' యందురు. సంస్కృతమున వైడూర్యమనియు, ప్రాకృతమున వేళురియమనియు చెప్పు శబ్దము బౌద్ధగ్రంథముల యనువాదములలో చీనా నోళ్లలో నలిగి లియూలీ యైనదని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. రత్నము పేరు మొదట గాజునకు, పిదప గాజువలె మెఱయు పెంకులకు చెల్లినది. మా బడిలో అమరకోశము వల్లించు పిల్లవానికి వైడూర్యమన్న మాట పెకింగు నగరపు పసుపుపచ్చని యింటికప్పులమీద మెఱయుచున్నదని చెప్పిన, వాని కన్నులలో నిఘంటువునకు ప్రాణము వచ్చుట మేము చూచియున్నాము.

ఈ పూత యేమో గృహిణులకు వేరుగ చెప్పనక్కఱలేదు. ఆవకాయ వేయు జాడీని తలచుకొనుడు. పచ్చికుండలో ఊరగాయ వేసిన నూనెయు, ఉప్పును గోడలోనికి ఇంకి వెలుపలికి చెమర్చును. జాడీలో అట్లు కాదు. దాని మట్టిగోడమీద సన్నని గాజుపొర కరగి అంటుకొనియున్నది. ఇసుకరాతిని పొడిచేసి, అది త్వరగా కరగుటకు తోడుద్రవ్యము కలిపి, కాలిన మట్టిమీద పూసి మరల కాల్చిన ఆ పొర యేర్పడును. చీనా సింహములలో పెక్కింటికి ఆ తోడుద్రవ్యము సీసము. సీసము కలిసిన పూత తక్కువ వేడికే కరగును, మిక్కిలి మెఱయును, రంగులను గాఢముగా చూపును. రాగిచేత ఆకుపచ్చ, ఇనుముచేత తేనెరంగు, మాంగనీసుచేత వంకాయరంగు, కోబాల్టుచేత నీలము కలుగును. అయితే పులుపు తగిలిన ఆ పూతనుండి సీసము దిగును. అందుచేత అట్టి పాత్రలు కంటికేగాని వంటకు పనికిరావు. మన వంటింటి జాడీకిని, ఆ సింహమునకును ఇదియొక ముఖ్యభేదమని గృహస్థులు గుర్తుంచుకొనవలయును.

ఇక గుణదోషములు. ఈ సింహములన్నియు ఒక్క గాటను కట్టదగినవి కావు. కాలమునుబట్టి, ఉండుచోటునుబట్టి వానిని విడదీసి చూడవలయును.

తాంగ్ వంశకాలపు సింహములకు మేము మొదటి స్థానమిత్తుము. ఎనిమిదవ శతాబ్దపు పూర్వార్ధమున మృతులతో సమాధులలో నుంచుటకు గుఱ్ఱములు, ఒంటెలు, సేవకులు మొదలైన మట్టిబొమ్మలు చేసి, తేనెరంగు, ఆకుపచ్చ, మీగడరంగు పూతలు పూసెడివారు. త్రివర్ణములని వానికి పేరు. ఆ కాలపు సింహము కొన్నిటిలో వెనుకకాలితో చెవి గోకికొనుచుండును. కొన్నిటిలో తన కాలిని తానే కొఱుకుకొనుచుండును. సింహమును చూడని కుమ్మరి కుక్కను చూచియుండును, పిల్లిని చూచియుండును. తెలిసిన ప్రాణి యొడలి వంపును తెలియని మృగమునకిచ్చినాడు. ఇది లోపమా? మా మతమున గాదు. వెన్నెముక వంగిన తీరు, మెడకండరము బిగిసిన తీరు నిజమైనవి. అవి ప్రాణముగల దేనినో చూచి చేసినవి. పూతయు అట్లే. సీసపు పూత కొలిమిలో జారునని యెఱిగి, అడుగున పూయక విడిచి, పైనుండి జారిన రంగు ఎక్కడ నిలుచునో అక్కడ నిలువనిచ్చినాడు. మనుష్యుడు సగము చేసి, సగము అగ్నికి విడిచిన పని యది.

మింగ్ చక్రవర్తుల కాలమున సింహము ఇంటికప్పు నెక్కినది. 1420లో పూర్తియైన పెకింగు రాజనగరపు కప్పులమీద పసుపుపచ్చని లియూలీ పెంకులు పఱచిరి. కప్పుమూలల యంచులవెంబడి చిన్న మృగములను వరుసగా కూర్చుండబెట్టుట అక్కడి ఆచారము. తైహె మందిరమున అవి పది, వానిలో సింహము మూడవది. క్రిందనుండి యెంతో దూరమున చూడవలసిన బొమ్మ గనుక దానియందు సన్ననిపని యుండదు, ఉండరాదు. రొమ్ము ముందుకు, కన్నుగుంట లోతుగా, జూలు పెద్దపెద్ద ముడులుగా నుండును. నీడ పడిన గాని అది కనబడదని ఆ కుమ్మరి యెఱుగును. మన గాలిగోపురముల పైయంతస్తులలోని సున్నపు బొమ్మలు దగ్గఱ చూచిన మొరటుగను, నేలనుండి చూచిన చక్కగను ఉండుటకు కారణమిదియే. అట్టి బొమ్మను కప్పునుండి దింపి బల్లమీద పెట్టి 'మొరటుపని' యనువాడు బొమ్మను గాక తన తెలివిని కొలుచుకొనుచున్నాడు.

కాంగ్‌షీ చక్రవర్తి కాలమున, అనగా 1662 మొదలు 1722 వరకు, జింగ్‌డెజెన్ కొలుములలో జానెడు మూరెడు సింహములు చాల తయారైనవి. ముందుగా బొమ్మను పూత లేకుండ కాల్చి, పిదప పసుపు, ఆకుపచ్చ, వంకాయరంగులను కుంచెతో దిద్ది తక్కువ వేడిలో రెండవసారి కాల్చెడివారు. పీటపై కూర్చున్న సింహము ప్రక్కనే యొక చిన్న గొట్టముండును. అది అగరువత్తిని నిలుపుటకు. దేవుని యెదుట నుంచు పరికరమైనను దాని మొగమున భయంకరత్వము లేదు. కన్నులు గుండ్రముగా తెరచి, ఎవరో పిలిచినట్లు తలను ప్రక్కకు త్రిప్పి నవ్వుచున్నట్లుండును. పూజాద్రవ్యమున హాస్యమునకు చోటిచ్చిన ఆ కుమ్మరుల మనస్సు మాకు నచ్చినది. తాంగ్ కాలపు సింహమున శరీరము గొప్పది. దీనియందు మొగము గొప్పది.

పంతొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఐరోపా గృహముల అలంకారమునకై ఓడలకెక్కించిన నీలిపచ్చ సింహములను మాత్రము మేము మెచ్చజాలము. పూత మందమై రూపమును మ్రింగినది. జూలు ముడులు అచ్చులో అరిగి బుడిపెలైనవి. నోరు తెరచియుండుట తప్ప కోపమునకు వేఱు గుర్తు లేదు. ఆ కొలుచువారు వానికి 'ఫో కుక్క' లని పేరు పెట్టిరి. ఫో యన బుద్ధుడు. బుద్ధుని సింహమును కుక్కను చేసిన పేరది. కుమ్మరియు, కొనువాడెట్లు పిలిచిన అట్లే కానిమ్మని చేతులు దులుపుకొన్నట్లు కనబడును. నేటి అంగళ్లలోని రంగుపూసిన బొమ్మలు ఈ శాఖకు చెందిన మునిమనుమలు. వానికి కొలిమియే లేదు. రంగు మంటలో కరగినది కాదు, డబ్బాలోనుండి వచ్చినది.

ఇచట నొక పూర్వపక్షము. 'సింహము సింహమువలె నుండవలదా? ఎంత మెచ్చినను అది పోలికలేని బొమ్మయే గదా?' యందురు. దీనికి సమాధానము మన మండపములయందే కలదు. విజయనగర కాలపు స్తంభములలో ఏనుగుతొండమును, సింహపు నోటిని, గుఱ్ఱపు నిలుకడను కలిపిన యాళిని చూచి, ఇట్టి జంతువేయడవిలో నున్నదని అడిగినవారము కాము. యాళిని తప్పుపట్టని కన్ను చీనా సింహమును తప్పుపట్టుట పక్షపాతము. శిల్పమున పోలిక యనునది మృగముతో పోలిక కాదు, భావముతో పోలిక. కావలికాయుచున్నదని చెప్పు బొమ్మ మేల్కొనియున్నట్లుండవలయును. మేల్కొనియున్నచో అది సింహము; నిద్రించుచున్నచో గిర్ అడవినుండి కొలతలు తెచ్చి చేసినను అది రాయి.

జంటగా నుండుట యీ బొమ్మల మఱియొక విశేషము. మగసింహము కుడిపంజా క్రింద బుట్టాపనిచేసిన బంతి, ఆడుసింహము ఎడమపంజా క్రింద పిల్ల యుండును. ఆడుసింహము పంజాతోనే పిల్లకు పాలిచ్చునని చీనాలో ఒక కథ కలదు. మన విష్ణ్వాలయపు ద్వారపాలకులిరువురును పురుషులు. చీనా గుమ్మమున భార్యాభర్తలు ఒక్క యెత్తున, ఒక్క పీటతీరున కూర్చుండి కావలి కాయుదురు. ఇంటిని కాపాడుటలో స్త్రీ పురుషులకు సమానభాగమున్నదని చెప్పు ఈ కల్పనము మెచ్చదగినదే. ఐనను పురుషునకిచ్చిన బంతి లోకాధికారమునకును, స్త్రీకిచ్చిన పిల్ల సంతానమునకును గుర్తులని వారు చెప్పు అర్థమును మేమంగీకరింపము. లోకమొకరికి, బిడ్డ యొకరికి పంచియిచ్చిన పద్ధతివలన మన యిండ్లలో కలిగిన నష్టము చదువరు లెఱుగనిది కాదు. బొమ్మ యందమును మెచ్చినంతమాత్రమున దాని యర్థమునెల్ల తలదాల్చవలసిన పనిలేదు.

ఈ జంట ఇతర దేశములకు పోయి యెట్లు మారెనో చూచుటయు రుచికరము. జపానులో ఒకదాని నోరు తెరచియు, రెండవదాని నోరు మూసియు చేసిరి. తెరచినది అకారము, మూసినది హూంకారము. ఉచ్చారణకు ఆదియు అంతమును అని వారి వ్యాఖ్యానము. సంస్కృత వర్ణములు రెండు మృగముల నోళ్లలో చేరి క్యోటో గుళ్లముందు కూర్చున్నవి. బర్మాలో పగోడాలముందు 'చింతే' యను పెద్దసింహముల జంట యుండును. గోదావరి, విశాఖపట్టణము జిల్లాలనుండి రంగూనునకు కూలిపనికై పోయిన మన తెలుగువారు, బర్మీయులచే కోరంగీలని పిలువబడినవారు, ష్వేడగోన్ పగోడా మెట్లకడ వానిని చూచియే యుందురు. అమరావతి నాటి ద్వారసింహపు జ్ఞాతులవి.

పురాతనత్వమును గూర్చి ఒకటి రెండు మాటలు. బొమ్మ యడుగున చక్రవర్తి పేరున్నంత మాత్రమున అది ఆ కాలపుది కాదు. పూర్వపు చక్రవర్తి పేరును గౌరవముచేత పిమ్మటి కుమ్మరులు వ్రాయుట చీనాలో వాడుక. మోసముచేత వ్రాయుటయు తరువాత వాడుకయైనది. ముద్రను గాక మట్టిని చూడవలయును. పూతలేని యడుగు, అచ్చు కలిపిన యతుకు, చేయి తగులు చోట అరిగిన మెఱుగు, గుంటలలో నిలిచిన పూతయొక్క చిక్కదనము, ఇవి మాటాడును. ఒంటి సింహము నమ్మజూపిన, దాని జోడేమైనదని అడుగవలయును. ఆ ప్రశ్నకు చాలసార్లు సంతోషకరమైన ఉత్తరముండదు. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున లోయాంగ్ ప్రాంతమున రైలుమార్గమునకై నేల త్రవ్వగా తాంగ్ కాలపు సమాధులు బయటపడి, వానిలోని బొమ్మలు విదేశపు విపణికి పోయినవి. 1860లో ఆంగ్లేయులును, ఫ్రెంచివారును పెకింగు సమీపమున యువాన్‌మింగ్‌యువాన్ రాజోద్యానమును దోచిరి; పిదప ఆంగ్లేయులు దానిని కాల్చిరి. ఆ దండయాత్రలో మద్రాసు సాపర్లను మన దక్షిణాది పటాలమును ఉండెను. దానికి ముందటి సంవత్సరమే, 1859లో, అమరావతి శిల్పఫలకములు మద్రాసునుండి లండనునకు ఓడలో పోయినవి. మన ఫలకములు అచ్చట నున్నవని చింతించువారము, మన బీరువాలోని చీనా సింహము ఎవరి గడపనుండి వచ్చినదోయని యొక్కసారియైన తలపవలదా? నూఱేండ్లు నిండిన శిల్పాదులను పురావస్తువులుగా నెంచి, వాని యెగుమతిని నిషేధించుచు, వర్తకులకు అనుమతిపత్రము విధించుచు 1972లో మన పార్లమెంటు చట్టము చేసినది. చట్టము దొంగను భయపెట్టును; కాని కొనువాని కోరిక తగ్గనిదే దొంగతనము తగ్గదు.

చీనా మెఱుగుపనిని చూడగోరువారు పెద్దవెలపెట్టి కొననక్కఱలేదు. 1951లో ప్రారంభమైన హైదరాబాదు సాలార్జంగు మ్యూజియములో చీనా పింగాణి విభాగమున్నది. పిల్లలను వెంటబెట్టుకొని అచ్చటి పాత్రలయెదుట కొంతసేపు నిలిచిన, పూతకును రంగునకును గల భేదము ఏ పుస్తకమును చెప్పలేనంత తేటగా తెలియును.

ఇక రక్షయను నమ్మకము. సింహపు బొమ్మను గడపలో పెట్టినందున రోగము రాక మానదు, అప్పు తీరదు, కూతురి పెండ్లి కుదురదు. చీనాలోనే ద్వారసింహములు గల రాజభవనములు కాలినవి; వంశములు కూలినవి. సింహములు కన్నులు తెరచి చూచుచునే యుండెను. అట్లని వానిని మూఢత్వపు గుర్తులని పాఱవేయుమని మేము చెప్పుట లేదు. సంస్కారమనగా వస్తువును విడుచుట కాదు, దానిపై గల భయమును విడుచుట. భయము పోయిన పిదపనే బొమ్మ కనబడును. పరిహారముగా కొన్నవాడు దాని దిక్కును చూచుకొనును, మొగమును చూడడు. 'ఎటువైపు పెట్టవలయును?' అని అడుగుటకు ముందు 'ఎట్లు చేసినారు?' అని అడుగుట నేర్చిన యింట మూఢవిశ్వాసము తనంత తానే గడప దిగును.

మాకు తోచిన యుపాయ మొకటి కలదు. మదనపల్లెకును కుప్పమునకును నడుమ పలమనేరున్నది. అచ్చటి కుమ్మరుల మట్టిబొమ్మలు పేరుపడినవి. సింహద్వారమున సింహముండవలెనను ముచ్చటగలవారు అట్టి కుమ్మరినొకని పిలిచి జంటసింహములను చేయుమని చెప్పవచ్చును. అతడును సింహమును చూడలేదు. తన వీధికుక్కను, తన యింటి పిల్లిని, గుడిలోని యాళిని చూచియున్నాడు. తాంగ్ కాలపు కుమ్మరికున్న సామగ్రియు అంతకన్న అధికము కాదు. అతనికి కావలసినది కూలియు, కాలమును, చూచి మెచ్చగల కన్నును. చీనా కుమ్మరి మనయొద్దనుండి తీసికొన్నది సింహమను మాటను, వైడూర్యమను మాటను మాత్రమే. తక్కినదంతయు తన మట్టినుండి, తన మంటనుండి తీసికొన్నాడు. అతని బొమ్మలను కొనుటకంటె అతని పద్ధతిని గ్రహించుట మనకు మేలు.